సముద్రం సెట్టింగులు మార్చినోడు

ముత్తుకూరు రోడ్డులో చిన్నపోలయ్య టీ అంగడి ముందర బల్ల మీద కూర్చుంటే పెంచలయ్య నోరు తనంతట తానే తెరుచుకుంటుంది. ఆయన నెట్ సెంటరుకి ఈమధ్య జెరాక్సులకు తప్ప ఎవరూ రావడం లేదు కాబట్టి ఆ నోటికి తీరిక కూడా ఎక్కువే. అయితే ఆ రోజువి తీరిక మాటలు కావు. పక్కనే రొయ్యపిల్లల హేచరీ మేనేజరు కిషోర్ బాబు, వాళ్ళ ఆఫీసులో కంప్యూటరు మీద పనిచేసే అమ్మాయి సామ్రాజ్యం టీ తాగుతున్నారు. లేబుళ్ళు కొట్టే సాఫ్టువేరులో తెలుగు ఫాంటు పెట్టిన మర్నాటికే పోయి, అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలై పడుతున్నాయట. దాన్ని నిలబెట్టే మనిషికి ఆఫీసు కంప్యూటర్ల పనంతా అప్పజెబుతామన్నాడు కిషోర్ బాబు. ఆ పని దొరక్కపోతే ఇక షట్టరు దించుకోవడమేనని పెంచలయ్యకు తెలుసు. ఇలాంటప్పుడు తెలివైనవాడు ‘చూస్తాను సార్’ అని ఊరుకుంటాడు. పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఫాంటుదేముంది సార్. మొన్న ఇందుకూరుపేటలో ఒక రైసు మిల్లు. బిల్లు కాయితం కొలత తప్పుతా ఉండాది. వాళ్ళు మౌసు పట్టుకోని మెనూలన్నీ గాలిస్తన్నారు. నేను మౌసు ముట్టుకోలా. సాఫ్టువేరు తన ఇష్టాయిష్టాలన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటాది, ఇంట్లో ముసిలోళ్ళు కాఫీలో చక్కెర ఇంత, దిండు ఇటుపక్క అన్నట్టు. చిన్న స్క్రిప్టు, అదే చెప్పిన పని చేసిపెట్టే ప్రోగ్రాము ముక్క, రాసి ఆ ఫైలు చదివించినా, ఒక్క లైను మార్పించినా. అయిపాయె.”

“ఇది నమ్మొచ్చు,” అన్నాడు చిన్నపోలయ్య, టీ వడగడుతూ.

ఎవరన్నా నమ్మితే పెంచలయ్యకు ఇంకో మెట్టు ఎక్కాలనిపిస్తుంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ స్క్రిప్టుకి రుచి తగిలింది. నేను ఇంటికొచ్చేసినా, అది రాలా. మిల్లులో కంప్యూటర్లన్నీ సర్ది, వైరు పట్టుకోని పక్కూరికి పోయి, పంచాయతీ మైకు గొంతు తగ్గించి, దోవలో మా అత్తగారి మిక్సీని కూడా…”

“మిక్సీకి ఫైలు యాడుంటదయ్యా?” అన్నాడు చిన్నపోలయ్య.

“చదవడం వచ్చినోడికి అన్నిటికీ ఉంటదన్నా. మా అత్తకే ఉండాది, ధైర్యం చాలక తెరవలా.”

సామ్రాజ్యం నవ్వాపుకుంది. కిషోర్ బాబు గ్లాసు కింద పెట్టి ఇటు తిరిగాడు. ఆ తిరగడం చూసి పెంచలయ్యకు పని చేతికొచ్చినట్టే అనిపించింది. అక్కడ ఆగాల్సింది.

“చివరికి ల్యాప్‌టాప్ చంకనబెట్టుకోని మైపాడు బీచికి పోయినా సార్. వైరు కొస నీళ్ళలో ముంచి, చదువు అన్నా. సముద్రం సెట్టింగులు గడగడా వచ్చినాయి. అల ఎత్తు, హోరు, ఆటు, పోటు, ఉప్పు. ఉప్పు చూస్తే ఎక్కువలో ఉండాది, ఎవురు పెట్టినారో ఏ కాలంలో పెట్టినారో. సగానికి దించి ఎంటర్ కొట్టినా. దోసిలి పట్టి తాగితే కొబ్బరినీళ్ళు సార్. వంజరం చేపలు ఒడ్డుకొచ్చి మా నీళ్ళేమైనాయని నన్ను నిలదీసినాయి. వాటికి సర్దిచెప్పేసరికి పొద్దు గూకింది.”

“అన్నా, ఒక్క మాట,” అంది సామ్రాజ్యం. “సముద్రాన్ని మూసి రాసినారా, తెరిచిపెట్టే రాసినారా?”

అది పొగడ్తే అనుకున్నాడు పెంచలయ్య. “సముద్రాన్ని ఎవురమ్మా మూసేది? అలలు కొడతా ఉండంగానే రాసినా. మిల్లులోనూ అంతే. ఏ సాఫ్టువేరునీ నేను మూయను. పరిగెత్తే బండికి చక్రం మార్చినట్టు మారుస్తా.”

సామ్రాజ్యం మేనేజరు వైపు చూసింది. “ముందు ఫాంటు పెట్టినాయన చేసిందీ ఇదే సార్. సాఫ్టువేరు తెరిచి ఉండంగా ఆ ఫైల్లో రాస్తే, సాయంత్రం మనం మూసేటప్పుడు అది తన బుర్రలో ఉన్న పాత సెట్టింగులే మళ్ళీ పైన రాసేసుకుంటాది. అందుకే తెల్లారేసరికి డబ్బాలు.”

కిషోర్ బాబు లేచి చొక్కా సర్దుకున్నాడు. “మూసి రాసే మనిషెవరన్నా ఉంటే చెప్పండి పెంచలయ్యా,” అని నెమ్మదిగా అని, సామ్రాజ్యాన్ని వెనక ఎక్కించుకుని బండి తీశాడు.

బండి మలుపు తిరిగేదాకా పెంచలయ్య అటే చూశాడు. చిన్నపోలయ్య వచ్చి వేడి టీ ఒకటి ఆయన చేతిలో పెట్టాడు.

“పోనీలే పెంచలా. సముద్రం ఇంకా ఎందుకు ఉప్పగా ఉండాదో ఇవాళ తెలిసింది.”