నూరు దాంక

సోమవారం పొద్దున. ఏన్కూరు దాటినాక అడవి అంచున ఒక ఊరు. కారేపల్లిలో కూతురింట్లో నాలుగు రోజులుండి వచ్చిన సీతారావమ్మ ముంజల సంచితో వాకిట్లో నిలబడింది. గడపలో కోడలు ప్రమీల.

“పిలువకత్తమ్మా. లోపల లేదు.”

“నా గొంతింటే ఊగుకుంట వస్తది. లాసమ్మా! ఇగో, ముంజలు తెచ్చిన…”

“లేదంటున్న గదా.”

“మరేడికి పోయింది?”

“నీకెందుకు? బుధవారం బంగారమసొంటి పిల్లను నీ చేతులల్ల పెట్టి ఉపాధి పనికి పోయిన. నువ్వేం చేసినవ్? కునుకు తీసినవ్.”

“అవ్… కునుకు. కండ్లు మూతబడ్డయ్.”

“నా మొకం చూసి చెప్పు.”

“అందరి ముంగట ఒప్పుకున్న గదనే. ఇంకెన్నిసార్లు?”

“నువ్వు కునుకు తీస్తే అది తలుపు తీసుకొని, సడక్ దాటి, నాలుగు కిలోమీటర్లు నడిచి అడవిలకు పోయిందా? కోడి అరిస్తేనే చెవులు మూసుకొని గోడకు అతుక్కునే పిల్ల!”

“అది ఏమన్న చెప్పిందా?”

“అది చెప్తదా? ‘ఎవరు తీసుకపోయిండ్రు బంగారం’ అంటే, ‘ఎవరు తీసుకపోయిండ్రు బంగారం’ అని నన్నే అడుగుతది.”

“ఇంకేమనలే గదా?”

“ఎందుకు భయపడుతున్నవ్?”

“భయమెందుకు? ఊకెనే అడిగిన.”

“నిన్న రూప్లి వచ్చింది. పిల్ల దొరికిననాడు మందిల చెప్పబుద్ధి కాలేదంట. నిన్న నన్ను పక్కకు పిలిచి చెప్పింది.”

“తునికాకు కోయబోయి పిల్లను చూసిన రూప్లేనా? ఏం చెప్పింది?”

“అది బండ మీద కూసొని లెక్క పెడుతున్నదంట. గొంతు పోయింది, పెదవులే ఆడుతున్నయంట. ఏడొందల అరవై… ఏడొందల అరవై ఒకటి… రూప్లి చెయ్యి పడితే గుంజుకున్నదంట. వెయ్యి అయింది. అటు చూసింది, ఇటు చూసింది. మళ్ల ఒకటి కాడ సురువు పెట్టిందంట.”

“దేవుడా.”

“ఎన్ని వేలు లెక్కపెట్టిందో, ఎండల! అత్తమ్మా, ఎవరన్న చెప్తే తప్ప అది లెక్క పెట్టదు. ఖమ్మం దవాఖానల మేడం నేర్పిన ఉపాయం అది. ‘ఇది గాలి కాదు, దయ్యం కాదమ్మా, ఆటిజం. మీ పాపకు ఆగు అంటే తెల్వదు, ఎంతసేపు ఆగాల్నో చెప్పాలె’ అన్నది. అప్పటినుంచి నూరు దాంక లెక్కపెట్టు, అమ్మ వస్తది అని చెప్త. నూరు లోపట వస్త. ఒక్కనాడు తప్పలే. నూరు దాటి ఒక్కనాడు చెప్పలే.”

“ఎరికే.”

“మరి వెయ్యి అని ఎవరు చెప్పిండ్రు?”

“నాకేం తెలుసు?”

“ఈ ఉపాయం తెలిసినోళ్లం ముగ్గురమే. నేను పనికాడ ఉన్న. ఆయన ఖమ్మం మార్కెట్ యార్డుకు పోయిండు. ఇగ మిగిలింది ఎవరు?”

“వాడు… అవ్. యార్డుకు పోతున్నననే చెప్పిండు.”

“ఊరోళ్ల మాటలు పడలేక నువ్వే ఇడిసిపెట్టి వచ్చినవ్.”

“నేనా? నా గాజులు తిప్పుకుంట నా ఒళ్లె నిద్రపోయేటి పిల్లను నేనా?”

“మరి నిజం చెప్పు. ఈ వెయ్యి సంగతి ఎవరికి చెప్పలే. ఆయనకు గూడ చెప్పలే. వింటే నిన్ను గడప తొక్కనియ్యడని.”

“వీరన్నకు చెప్పలేదా?”

“చెప్పలే.”

“మంచిది… ప్రమీలా, నేను గూడ తల్లినే గదనే.”

“గదేం మాట?”

“ఏం లేదు. పిల్ల ఏది? నాకు పిల్లను చూపెట్టు.”

“నీకు ఇంక అప్పజెప్ప. ఆయనే తీసుకపోయిండు.”

“ఎవరు?”

“ఎవరేంది, నీ కొడుకు. భద్రాచలం దవాఖానకు, బండి మీద.”

“ఎప్పుడు?”

“గంటన్నర దాటింది. అయ్యో, గట్ల కూలబడ్డవేంది? ముంజలన్నీ మట్టిల పడ్డయ్.”

“ఎందుకు పంపినవ్?”

“తండ్రి కాదా? ఎనిమిదేండ్లకు ఇప్పటికి బిడ్డ మీద చూపు పడ్డది. మొన్న గులాబి చెప్పులు తెచ్చిండు. నిన్న తలకు నూనె పెట్టిండు. పొద్దున పెరుగన్నం తినిపిచ్చిండు, ఏం కలపకుండ, దానికి నచ్చినట్టే. నేను గోడ చాటుకు పోయి ఏడ్సిన, సంతోషానికి.”

“నువ్వెందుకు పోలే?”

“వస్తనన్న. బండి మీద ముగ్గురైతే పిల్లకు ఇరుకన్నడు.”

“ఆ మేకుకున్న సంచి ఏంది?”

“ఏ సంచి?”

“పిల్ల కాయితాల సంచి కాదా అది? దవాఖానకు పోయేటోడు డాక్టర్ రాసిన కాయితాలు తీసుకపోడా?”

“అయ్యో… మర్చిపోయిండు.”

“నీళ్ల సీసా?”

“పొయ్యి కాడనే ఉంది.”

“సప్పుడు పడకుండ చెవులకు పెడతవ్ గదా, అవ్వి?”

“అత్తమ్మా, ఏందత్తమ్మా గిట్ల అడుగుతున్నవ్? అవ్వి గూడ గూట్లనే ఉన్నయ్.”

“వానికి ఫోన్ చెయ్యి.”

“బండి మీద ఉంటడు.”

“చెయ్యమంటున్న గదా! స్పీకర్ పెట్టు. నేను వచ్చిననని చెప్పకు.”

“రింగ్ పోతంది… ఎత్తుతలేడు… ఆ, హలో! ఏడున్నవ్?”

“దవాఖానకు వచ్చినం, ప్రమీలా. లైన్ పెద్దగుంది.”

“దవాఖానల ఉంటే ఒక్క మనిషి మాట ఇనవడతలేదేంది?”

“నేను చాయ్ తాగనీకె బయటకొచ్చిన.”

“మరి లాస్య?”

“లోపల బెంచీ మీద కూసోబెట్టిన.”

“ఒక్కదాన్నా? అంతమంది నడుమ? బెదురుతది, ఏడుస్తది, జల్దీ లోపలికి పో!”

“ఏడ్వదు లే, ఊకె పరేషాన్ కాకు. నీ మేడం ఉపాయమే చెప్పి వచ్చిన. వెయ్యి దాంక లెక్కపెట్టమన్న.”