గట్టి ఫ్రేము

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, పగిలిన కళ్ళజోడుతో రిపోర్టు చదవబోయి, విసుగొచ్చి కోడలి ఒళ్ళో పడేసింది అత్తగారు. కోడలు పక్క భవనంలోనే, క్యాన్సర్ ల్యాబులో పనిచేస్తుంది.

“ఒక్క పూట కూడా మందు మానలేదే. అయినా రొమ్ములో గడ్డ మళ్ళీ పెరిగిందంటే నాదే ఏదో పొరపాటు.”

“మీ పొరపాటేం లేదత్తయ్యా. కణాల్లో మైక్రో ఆర్ఎన్ఏ అని చిన్న చిన్న ముక్కలుంటాయి. జన్యువులు హద్దు మీరకుండా చూడటం వాటి పని. మీ గడ్డలో అలాంటిదొకటి బాగా తగ్గిపోయింది. దాంతో ఓ జన్యువు హద్దు మీరి, ఆ కణాలు మందును వచ్చింది వచ్చినట్టే బయటికి తోసేస్తున్నాయి.”

“నేను ఊరెళ్ళగానే మీ మామయ్య పంచదార డబ్బా మీద పడ్డట్టు.”

“అచ్చం అంతే.”

“మరి ఆ ముక్క మళ్ళీ పెట్టలేరా?”

“ల్యాబులో పెట్టి చూస్తే కణాలు మళ్ళీ మందుకి లొంగుతున్నాయి. మనుషులకివ్వడానికి ఇంకా టైం పడుతుంది.”

“అందాకా నేనుండాలిగా.”

“ఉండాలనే వేరే మందు మొదలుపెడుతున్నారు. ఆ కణాలు దీన్ని అంత తేలిగ్గా తోసెయ్యలేవు. ఈ రిపోర్టు చూశాకే డాక్టరుగారు మందు మార్చారు.”

అత్తగారు కళ్ళజోడు తీసి, పగుళ్ళ మీద వేలితో రాసింది.

“మొన్న నువ్వు కొత్తది కొంటానంటే, ఇంకెన్నాళ్ళకని వద్దన్నాను కదా.”

“అన్నారు.”

“ఇంటికెళ్ళేటప్పుడు ఆ కళ్ళజోళ్ళ షాపు దగ్గర ఆపు. ఫ్రేము మాత్రం గట్టిది చూడు.”