నలుపుకి పిలుపొచ్చింది

అదేంటక్కా, ఆ నవ్వు! ముందు పూర్తిగా వినవా? ఇలా కూర్చో.

అవును, నల్లగా ఉన్నాననే పిలిచారు. "మాకు బాగా చామనఛాయ... అంటే... ఇంకొంచెం ముదురు రంగువాళ్ళు కావాలమ్మా" అని ఆసుపత్రి మిషన్లు తయారుచేసే ఆ ఇంజనీరు పిల్ల నేల చూపులు చూస్తూ నీళ్ళు నమిలింది. "నలుపని అనెయ్యి తల్లీ, అరిగిపోను" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నా రంగు కావాలని అడిగినవాళ్ళు ఎవరున్నారు చెప్పు? చిన్నప్పుడు కరెంటు పోతే "నవ్వవే, ఎక్కడున్నావో తెలుస్తుంది" అనేది నువ్వే కదూ!

ఎందుకెళ్ళానంటావా? మీ మరిది సంగతి మర్చిపోయావా ఏంటి?

మొన్న చలికాలం ఆయనకి ఆయాసం ముంచుకొచ్చిందా, ఆసుపత్రిలో వేలికి ఆ క్లిప్పు తగిలించారా... తొంభై అయిదు చూపించింది. "ఆక్సిజన్ బాగానే ఉంది, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు డ్యూటీ డాక్టరు. మనిషేమో ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటున్నాడు, మిషనేమో నిక్షేపంలా ఉన్నాడంటోంది! ఎవర్ని నమ్మాలి? నేను కుర్చీ వదల్లేదు. చివరికి పెద్ద డాక్టరుగారొచ్చి, ఆయన నాలుక చూసి, మణికట్టు దగ్గర రక్తం తీయించారు. అసలు ఆక్సిజన్ ఎనభై నాలుగే! ఇక చూడాలి ఆ పరుగులు. ఆ పూట వాళ్ళ మాట విని తీసుకొచ్చేసి ఉంటే...

సరే సరే, అననులే. మనిషి నిక్షేపంగా లోపల గురక పెడుతున్నాడుగా.

సంగతేంటంటే, ఆ క్లిప్పు వేల్లోంచి కాంతి పంపి లెక్క కడుతుందట. చర్మంలో నలుపు కూడా ఆ కాంతిని కాస్త మింగేస్తుందట. దాని లెక్కలేమో ఎక్కువగా తెల్లటివాళ్ళ వేళ్ళు చూసి కట్టినవి. "సన్నవాళ్ళ కొలతలు తీసి ఊరందరికీ చొక్కాలు కుట్టినట్టమ్మా" అంది ఆ పిల్ల. ఇప్పుడు వాళ్ళు చేసే కొత్త క్లిప్పు ముందు చర్మం రంగు చూసుకుని, ఆ తర్వాత లెక్క కడుతుందట.

ఊఁ, ఏం చేశారంటే, మంచం మీద పడుకోబెట్టారు. ఒక చేతికి పాత క్లిప్పూ, కొత్త క్లిప్పూ. రెండో చేతి మణికట్టులో రక్తం తీయడానికి సన్న గొట్టం. మొహానికి మాస్కు. అందులో ఆక్సిజన్ మెల్లమెల్లగా తగ్గించారు. పక్కనే డాక్టరు ఉన్నాడులే, నువ్వలా కళ్ళు పెద్దవి చెయ్యకు.

భయం వెయ్యలేదా? వెయ్యకేం! తల దిమ్మెక్కింది. గోడలు దగ్గరికొచ్చేస్తున్నట్టు అనిపించింది. "ఆపేద్దామా అమ్మా?" అంది ఆ ఇంజనీరు పిల్ల. ఆ ఆయాసంలో మీ మరిది మొహమే కళ్ళముందుకొచ్చింది. ఇదా ఆయన పడింది అనుకున్నాను. వద్దని తల ఊపాను.

పాత క్లిప్పు తొంభై మూడంది. కొత్తది ఎనభై ఆరంది. రక్తం లెక్క తేలేదాకా గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. నన్నెలాగూ పీల్చనివ్వలేదనుకో!

ఎనభై ఆరే! మాస్కు తీసీ తియ్యకముందే ఆ పిల్ల నన్ను వాటేసుకుంది. "ఒక్క వేలితో అయిపోదమ్మా, ఇంకా ఎంతోమందిని చూడాలి" అంటూనే కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ నాన్నా నా రంగేనట. ఇంకేం అడగలేదు నేను.

అయితే అక్కా, కోప్పడనంటే ఒక మాట. నల్లవాళ్ళకి బాగుచెయ్యబోయి తెల్లవాళ్ళకి చెడగొట్టకూడదుగా? అందుకని పాలమీగడలాంటి వేళ్ళు కూడా కావాలట. మా అక్క ఉందని చెప్పేశాను.

సూదంటే నీకు చచ్చేంత భయమని నాకు తెలీదూ! అందుకే "నేను ఒప్పించలేనమ్మా, నువ్వే వచ్చి అడుక్కో" అన్నాను ఆ పిల్లతో.

ఆ బెల్లు కొడుతున్నది తనే. తలుపు నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?