శివప్ప కట్టించిన కట్టు

“లోపలికి రా బావా. వాకిట్లో నిలబడి చెప్తే ఎట్లా ఇనపడతాది?”

“ఈడే బాగుండాది లేమ్మా. గాలి తగల్తాది.”

ఆసుపత్రిలో ఎముకల వార్డు. మంచం మీద నడుము దాకా దుప్పటి కప్పుకొని రామాంజులు, పక్కన అతని పెళ్లాం ఆంజినమ్మ. ధర్మవరం నుంచి తీరిగ్గా సాయంత్రానికి దిగిన అన్న శివప్ప మాత్రం ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని గడప అవతలే నిలబడ్డాడు. అది చూసి ఆంజినమ్మకు ఒళ్లు మండింది.

“ఆ తువ్వాల తీసి మాట్లాడు బావా.”

“ఏం కంపమ్మా ఇది. ఏమప్పా రామాంజులూ, నిద్రపోతాండావా?”

“మేలుకునే ఉండాడు. నీ మొగం చూడలేక కండ్లు మూసుకున్నాడు.”

“అట్లంటే ఎట్లమ్మా. నేనేమన్నా పగోన్నా? ఒకటే చెప్తా, ఇను. కాలు మాత్రం తీయనియ్యొద్దు.”

“లారీ చక్రం పాదం మీద ఎక్కిన పొద్దు గూడా ఇదే మాట చెప్తివి.”

“చెప్తి. ఇప్పుడూ అదే చెప్తా.”

“ఆ పొద్దు డాక్టరు రెండు దావలు చూపిచ్చె. కమ్ములేసి, తొడ కండ తీసి కప్పి, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేస్తే పాదం నిలబడొచ్చు, ఏడాది పడతాది అనె. లేదంటే పాదం వరకూ తీసేస్తే, కట్టెకాలు పెట్టుకోని తొందరగా నడస్తాడు అనె. ఏదో ఒకటి తేల్చుకోండి అంటే, నువ్వు తేల్చనిస్తివా?”

“ఏడాది పండుకుంటే మగ్గం ఎవురు తొక్కుతారమ్మా?”

“అందుకని మనిషిని జీపులో ఏసుకోని కట్లు కట్టే ముసిలోని దగ్గరికి తీస్కపోతివి.”

“ఆయప్ప ఎన్ని కాళ్లు నిలబెట్టినాడో నీకేం తెలుసు. మా మామ కాలు...”

“మీ మామది ఇరిగిన కాలు. ఇది నుజ్జయిన కాలు. నెత్తురు కార్తాంటే, దానిమీదనే గుడ్డుసొన, ఆకుపసరు పూసి, ఎదురుబొంగు దబ్బలు పెట్టి బిగిచ్చినాడు. ఊడదీస్తానంటే నువ్వు తీయనిస్తివా?”

“మధ్యలో ఇప్పితే గుణం పోతాది.”

“మళ్లీ ఈడికి తెచ్చేలోపల పురుగులు పడినాయి బావా. నేనే ఏరినా, ఈ చేతి ఏళ్లతో.”

“ఛీ ఛీ, చెప్పొద్దు లేమ్మా. ఇప్పుడే దోసె తినొచ్చినా.”

“తింటావు. నీకేం.”

“అయింది అయిపాయ. ఇంగ నాలుగు దినాలు చూద్దాం. ఆ పెండ్లిచీర సగం నేసి మగ్గం మీదనే ఉండాది. కొంగు పడల్ల. చెయ్యి మారితే నేత మారతాది, సేటు చీర తెచ్చి నా మొగాన కొడ్తాడు. మొదలుపెట్టినోడే దించల్ల గదా.”

“చీర కోసరమా.”

“చీర కోసరమని కాదమ్మా...”

“చీర కోసరమా, బావా?”

“కాలు లేకుంటే మగ్గం గుంతలో కూచోని తొక్కేది ఎట్లా? మీ మంచికే చెప్తాండా.”

“అసయ్యంగా ఉండాది బావా. పురుగులు ఏరేటప్పుడు గూడా నాకు ఇంత అసయ్యం పుట్టలే.”

“తిట్టు, పడతా. రామాంజులూ, నువ్వన్నా చెప్పప్పా. ఎంత కంపు కొట్టినా నీ కాలు నీదే గదా.”

“అన్నా.”

“ఆ, చెప్పప్పా.”

“కాలు పొద్దున్నే తీసేసినారు. మోకాలు గూడా పాయ. ఆ కంపు నాది కాదు. నువ్వు కట్టిచ్చిన కట్టు మంచం కింద సంచిలో ఉండాది. నీ చేత్తోనే పారేస్తావని పెట్టిచ్చినా.”