నంబరు కనబడని ఫోను

నాగపూర్ ఆసుపత్రిలో కిడ్నీలు మార్చే విభాగం. కౌంటరుకు అవతల ఫోను రిసీవరు చేతిలో పట్టుకున్న ఉద్యోగిని, ఇవతల ఒక రోగి భార్య.

“మా ఆయనంత మొండిమనిషి ఇంకొకడు పుట్టడు తాయీ. నంబరు కనబడకపోతే యముడు ఫోను చేసినా ఎత్తడు.”

“నిన్న మధ్యాహ్నం కూడా అందుకేనా ఎత్తలేదు?”

“అవును, మూడుసార్లు మోగింది. ఎవరో మోసగాళ్ళని కట్ చేశాడు. మీ నంబరుకైతే ‘గణపతి బాప్పా’ అని పేరు పెట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా ఆ పేరు పడుతుందేమోనని స్నానానికి కూడా ఫోను పట్టుకునే వెళ్తాడు.”

“ఆ మూడుసార్లూ చేసింది నేనే.”

“మీరా! ఎందుకు?”

“ఆయనకు సరిపోయే కిడ్నీ దొరికింది. గంటలోగా పలక్కపోతే వరుసలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. ఇచ్చేశారు.”

“మరి బాప్పా పేరు పడలేదే?”

“సోమవారం నుంచి మా ఫోన్లు వేటికీ నంబరు కనబడదు తాయీ. ‘మా వంతెప్పుడు’ అని అందరూ తిరిగి ఫోను చేస్తుంటే పని సాగడంలేదని అలా పెట్టించారు.”

“అంత గొప్ప బుర్ర ఎవరిదో?”

“పైవాళ్ళు…”

“పైవాళ్ళా?”

ఉద్యోగిని చేతిలోని రిసీవరు కింద పెట్టింది.

“కాదు. వాళ్ళు వద్దనే అన్నారు. పట్టుబట్టి పెట్టించింది నేను. తప్పు నాదే తాయీ.”