రొట్టె ముట్టని ఇద్దరు

సభకు అధ్యక్షులైన పాస్టరు దేవసహాయం గారికి, సంఘ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, మన గుడిలో బెంచీలు చాలవని తన హోటలువి పంపించి తాను మాత్రం వెనక నిలబడి ఉన్న ఖాదర్‌వలి మామకు వందనాలు. కూర్చో మామా, అవి నీ బెంచీలే. (నవ్వులు)

ఈ పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో సంవత్సరపు మొదటి దినాన మనం సువార్తమ్మగారిని సాగనంపుతున్నాం. పెనుకొండ చుట్టూ పల్లెల్లో ఇంటింటికీ నడిచి, ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించిన మన బైబిల్ స్త్రీ పని విరమించి ధర్మవరంలో తమ్ముడి ఇంటికి పోతున్నారు. ధర్మవరం ఏమంత దూరమని ఇందాక పెద్దలన్నారు. మోకాళ్లు పట్టేసిన మనిషికి దూరమే. ఒకప్పుడు ఆమె పక్కన మా అవ్వ నరసక్క నడిచేది. అమ్మగారు చదివితే, అక్షరం రాని మా అవ్వ పాటెత్తుకునేది. "నీ చదువుకు ఆవులింతలు, నా పాటకు జనాలు" అని ఎగతాళి చేసేదట. (నవ్వులు)

ఆ స్నేహం నా చదువు దగ్గర తెగిపోయింది. నన్ను హిందూపురం హాస్టల్లో చేర్చాలని అమ్మగారు పట్టుబట్టారు. "తల్లి లేని బిడ్డ. దీన్ని గూడా తీసకపోతే నా ఇంట్లో ఎవరుండారు?" అంది అవ్వ. ఒకనాడు ఆమె చెనక్కాయ విత్తనాలు వేయడానికి చేనికి పోయినప్పుడు, వేరే ఊళ్లో పనిచేసే మా నాయనను ముందే ఒప్పించి అమ్మగారు నన్ను బస్సెక్కించారు. అవ్వ తిరిగి వచ్చేసరికి నేను లేను.

మన సంఘంలో మరే ఊళ్లోనూ నేను చూడని పద్ధతి ఒకటుంది. కొత్త సంవత్సరం నాడు, ప్రభువు బల్ల ముందు, రొట్టె పంచకమునుపే, మనస్పర్ధలున్నవాళ్లు చేతులు పట్టుకోవాలి. పట్టుకోనివాళ్లు రొట్టె ముట్టరాదు. అప్పటినుంచి ప్రతి ఏడూ అమ్మగారు చేయి చాపుతారు. "కొత్త ఏడు నరసక్కా, మరిచిపో" అంటారు. "నేను మరిచేది యాడిది? నువ్వు గుర్తు చేసుకోవాల" అని అవ్వ లేచి వాకిట్లోకి పోతుంది. అమ్మగారు కూడా రొట్టె తీసుకోకుండానే పళ్లెం పక్కవాళ్లకు అందించేస్తారు. ఎందుకమ్మా అని చిన్నప్పుడు అడిగాను. "మీ అవ్వ తినంది నాకు యాడ దిగుతాది పాపా" అన్నారు.

ఈ ఉదయం కూడా అంతే జరిగింది. మీరందరూ చూశారు.

అమ్మా, మీరు నన్ను తీసుకుపోకుంటే నేనీ రోజు టీచరును కాను, ఈ మాటలు రాసుకొని చదవగలిగేదాన్నీ కాను. అది జరగకుండా ఉంటే బాగుండునని నేను అనలేను. కానీ ఖాళీ ఇల్లు చూసిన మా అవ్వది తప్పని కూడా అనలేను. క్రీస్తులో పాతవి గతించాయని మనం ఏటేటా పాడుకుంటాం. గతించడమంటే ఎవరూ ఆ మాట ఎత్తకపోవడం అనుకున్నామేమో. ఇద్దరి మధ్యా నిలబడి నేను కూడా ఇన్నేళ్లు ఎత్తలేదు.

(ఆగి) క్షమించండి, వాకిట్లో నుంచి మా అవ్వ ఏదో అంటోంది. ఏమవ్వా?

"ఆయమ్మను ఈడికి రమ్మను. మరిచిపో అనేదానికైతే వద్దు."

అమ్మగారు లేస్తున్నారు. చేయి పట్టుకోండి ఎవరైనా. వద్దంటున్నారు, సరే, వదిలేయండి. దండ తరువాత వేద్దాం పాస్టరుగారూ. ముఖాలు ఇటు తిప్పుకోండి అందరూ, వాళ్ల మాట మనం వినకూడదు.

ధర్మవరం బస్సు మధ్యాహ్నానికే వస్తుంది. ఇన్నేళ్లుగా ఒకే వీధిలో ఉన్న ఇద్దరికి మిగిలింది అంతవరకే. అందులో నా ప్రసంగం ఇంకా కాస్త తినేయడం న్యాయం కాదు. విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.