ఏడుపు దీపం

మేష్టారి భార్య, మా చెల్లెమ్మకీ, వాళ్ల అమ్మాయికీ, ఈ కాలేజీలో చదివి వెళ్లిన పిల్లలకీ, చదువుతున్న పిల్లలకీ, వేదిక మీద పెద్దలకీ నమస్కారం. ఇంత వానలో కూడా వచ్చారు. కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆయన బతికుండగా మీలో సగంమంది ఆయన ఎదురుపడితే పక్క వరండాలోకి తప్పుకునేవాళ్లు. ఇవాళ ఎవరూ తప్పుకోలేదు. సంతోషం.

నేను లెక్కలు చెప్తాను. ఆయన ఎలక్ట్రానిక్స్ చెప్పేవాడు. స్టాఫ్ రూములో ఒకే బల్లకి అటొకళ్లం ఇటొకళ్లం కూర్చునేవాళ్లం. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు. ఎందుకయ్యా అంటే, "ఏమన్నా పడి ఉండాల్సిన వరస అదొక్కటే కదా" అనేవాడు. మా బల్ల నిండా ఆయన తీగలు అతికేటప్పుడు కాలిన మచ్చలే. నా జవాబు పత్రాల కట్ట కూడా ఒకసారి కాల్చాడు. కాల్చి, తప్పు జవాబులే కాలాయిలే బావా అన్నాడు. ఇవాళ పొద్దున ఆయన కుర్చీ చూశాను. ఈ సభ కోసం తెచ్చిన మైకు తీగల చుట్టని దాని మీద పడేసి ఉంచారు. తీసి కింద పెట్టాను.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలందరూ కళ్లు తుడుచుకున్నారు. తీరని లోటు అన్నారు. ఒకరి తరవాత ఒకరు అదే మాట అన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు మనవాళ్లు. నాకు మాత్రం ఏడుపు రావడం లేదు, క్షమించండి. నాకు రోత పుడుతోంది. ఎందుకో చెప్పి దిగిపోతాను. కాస్త ఆగి ఆగి మాట్లాడతాను. మూడో వరసలో దర్జీ అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెకి పుట్టుకనుంచీ వినపడదు. పక్కన ఆమె ఆడపడుచు నా మాటలు చేతులతో చెబుతోంది. ఆమెకి అందేదాకా మీరు కూడా ఓపిక పట్టండి.

బయటినుంచి వచ్చినవాళ్ల కోసం చెప్తున్నాను. ఈ కాలేజీలో ఆఖరి ఏడాది పిల్లలు జట్లుగా ఒక ప్రాజెక్టు చెయ్యాలి. మనుషులు రోజూ పడే ఏదో ఒక ఇబ్బందికి సాంకేతికంగా పరిష్కారం కనిపెట్టాలి. మాట ఎంత బాగుంది! ఏటా ఒక రోజు ప్రదర్శన. ఈ హాలులోనే బల్లలు, వాటి మీద తెల్లగుడ్డలు. ముఖ్య అతిథి వస్తారు, ఫొటోలు తీస్తారు, చప్పట్లు కొడతారు. మర్నాటికి ఆ వస్తువులన్నీ ఎక్కడికి పోతాయి? ఎప్పుడైనా అడిగారా మీరు?

మెట్ల కింద గదిలోకి పోతాయి. తాళం తీయించి చూడండి ఒకసారి. ముక్కు మూసుకుని వెళ్లండి. కారిపోయిన బ్యాటరీల చెమ్మ, ఎలకల కంపు. చూపు లేనివాళ్ల కోసం మన పిల్లలు ఏటా చేసిన కర్రలు ఒక మూల కట్టగట్టి ఉన్నాయి. ఆ కర్రల కొసలు చూశాను నేను. ఒక్క కర్రకి కూడా కొస అరగలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా నేల మీద నడవలేదు. ఎదర అడ్డం వస్తే కూత పెట్టే ఆ కర్రలు అన్నేళ్లుగా గోడకి ఆనుకుని ఉన్నాయి.

ఇక చెత్తబుట్ట. చెయ్యి చాపితే మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్ట. నేను ఉద్యోగంలో చేరిన ఏడు అది నీలంగా ఉంది. తరవాత ఆకుపచ్చ అయింది. ఆ తరవాత ఎవరో దానికి కళ్లూ ముక్కూ అంటించారు. ఈమధ్య కృత్రిమ మేధ అని పేరు పెట్టారు. బుట్ట అదే, మోటారు అదే, వెనక పగులు కూడా అదే. పాతవాళ్లు కొత్తవాళ్లకి అప్పజెబుతారు, మనం మార్కులు వేస్తాం. పైన పటారం, లోన లొటారం.

ఒక ప్రదర్శన రోజు మన మేష్టారు ఆ బల్ల దగ్గర ఆగాడు. ఎప్పుడూ అడిగేదే అడిగాడు, ఇది ఎవరికోసం అని. అందుకే కదా మీరంతా ఆయన్ని చాటుగా 'ఎవరికోసం మేష్టారు' అనేవాళ్లు! పాపం ఆ కుర్రాడు సమాజం కోసం సార్ అన్నాడు. "సమాజం ఇల్లెక్కడో చెప్పు నాయనా, వెళ్లి కూర్చుని మాట్లాడదాం" అన్నాడాయన. తను తాగిన టీ గ్లాసులో అడుగున మిగిలిన పిప్పి ఆ బుట్టలో ఒంపాడు. మూత పడింది. మళ్లీ తెరుచుకోలేదు. ముఖ్య అతిథి వచ్చేలోగా పిల్లలు గరిటె పెట్టి ఊడదీశారు.

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. గదిలోకి వచ్చి కూర్చుని నాతో ఒక మాట అన్నాడు. "మనం పిల్లలకి దొంగతనం నేర్పుతున్నాం బావా, పైగా బాగా చేశారని వీపు తడుతున్నాం." ఆ రోజు ఆయన మొహంలో ఉన్న ఏవగింపు ఇవాళ నాకు అర్థమవుతోంది. పిల్లల మీద కాదు అది. వేదిక మీద కూర్చున్నవాళ్ల మీద, కింద కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ల మీద.

అప్పుడు పెట్టాడు వానాకాలం నియమం. ప్రాజెక్టు చేస్తే దాన్ని ఒక ఇంట్లో ఇవ్వాలి. ఆ ఇంట్లోవాళ్లు వాడాలి. వాడుతుండగా ఒక వానాకాలం గడవాలి. అప్పటికీ వాడుతూ ఉంటే ఆయన సంతకం పెడతాడు. "వానాకాలం దాటనిది బొమ్మ, దాటితే వస్తువు" అనేవాడు. ఎన్ని తిట్లు తిన్నాడో మీకు తెలుసు. సర్టిఫికెట్లు ఆలస్యం అవుతున్నాయని తండ్రులు వచ్చి అరిచారు. మొండిఘటం అన్నారు, చాదస్తం అన్నారు. ఆయన సంతకం మాత్రం పెట్టేవాడు కాదు.

ఆ నియమంలోంచి పుట్టిందే ఇదిగో, ఈ వేదిక మీద గాజుపెట్టెలో పూల మధ్య పెట్టిన ఈ దీపం. చుట్టూ పూలు పేర్చారు కాబట్టి మీకు సరిగ్గా కనపడకపోవచ్చు. పిడికిలంత ఉంటుంది. దీన్ని చేసిన పిల్లలు దీనికి ఏడుపు దీపం అని పేరు పెట్టుకున్నారు.

ఆ దర్జీ అమ్మాయి భర్త సరుకుల బండి తోలతాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. ఆమె పొత్తిళ్లలో బిడ్డని ఉయ్యాల్లో వేసి మిషను కుట్టుకునేది. బిడ్డ ఏడిస్తే తెలియాలి కదా. ఒక గుడ్డపట్టీ ఉయ్యాలకి కట్టి, రెండో కొస తన కాలికి కట్టుకునేది. బిడ్డ కాళ్లు విదిలిస్తే పట్టీ లాగుతుంది. కదలకుండా ఏడిస్తే? తెలియదు.

నలుగురు పిల్లల జట్టు వెళ్లి దీపం చేసి ఇచ్చింది. చప్పుడు వింటే వెలుగుతుంది. బీరువా మీద పెట్టారు, ఫొటోలు తీసుకున్నారు, అన్ని శబ్దాలనీ పట్టేస్తోంది సార్ అని గర్వంగా చెప్పారు. పట్టేస్తుంది మరి! కుట్టుమిషను చప్పుడుకి వెలిగింది. కుక్కరు కూతకి వెలిగింది. వీధిలో బండి హారనుకి వెలిగింది. ఆమె విసిగిపోయి దాని మీద ఒక జాకెట్టు ముక్క కప్పేసింది. ఆమెని చూసి తప్పు పట్టకండి, పిల్లలూ. ఎవరైనా అదే చేస్తారు.

మేష్టారు ఆ నలుగురినీ తిట్టాడు, మామూలుగా తిట్టాడా! తిట్టి, చెవుల్లో దూది కుక్కి, ఒక్కొక్కరినీ ఆ గదిలో కూర్చోబెట్టాడు. చేతికి సూదీ దారం ఇచ్చి అంచులు కుట్టమన్నాడు. తల వంచి కుట్టేవాడికి బీరువా మీద దీపం కనపడుతుందా? అప్పుడు తెలిసింది వాళ్లకి. దీపాన్ని తెచ్చి మిషను మీద సూది పక్కన పెట్టారు. బిడ్డ ఏడుపు ఒక్కదానికే వెలిగేలా దానికి నేర్పారు. హమ్మయ్య అనుకున్నారు. అంతలో వానలు పడ్డాయి. ఆ ఇంటికి రేకుల కప్పు. రేకుల మీద వాన చప్పుడుకి దీపం ఒకటే వెలుగుడు, ఆరితే ఒట్టు. మళ్లీ మొదటికి వచ్చారు. మళ్లీ సరిచేశారు. ఆ వానాకాలం పోయింది. ఆమె దీపం మీద గుడ్డ కప్పడం మానేసింది. ఆయన సంతకం పెట్టాడు.

మరి ఈ కాలేజీ ఏం చేసింది? ఆ తరవాతి ఏడు ఆయనకి ఒక్క జట్టుని కూడా ఇవ్వలేదు. ఆయన సంతకం అక్కర్లేదన్నారు. ఖాళీ బల్ల ముందు కూర్చుని గోళ్లు గిల్లుకున్నాడు ఆయన. అడిగితే, నీ లెక్కల పుస్తకం ఇటివ్వు బావా, ఇన్నాళ్లకి చదువుకునే తీరిక దొరికింది అన్నాడు. తీరని లోటు అన్నారే ఇందాక, ఆ లోటు ఆయన పోకముందే మీ చేతులతో మీరు చేసుకున్నది. అది చెప్పరేం?

జబ్బు ముదిరాక ఆసుపత్రికి చూడబోయాను. మనిషి సగమయ్యాడు. కాలేజీ ఊసెత్తలేదు. "పిల్ల పెరుగుతోంది బావా, ఏడుపు గొంతు మారి ఉంటుంది. దీపం గుర్తుపడుతోందో లేదో ఒకసారి చూడమను" అన్నాడు. అంతే అన్నాడు. నాకు అప్పగించిన పని అదొక్కటే. పిల్ల పెరిగినన్నాళ్లూ ఆ పని పూర్తి కాదు అనుకున్న మనిషి ఆయన. మనం బల్ల మీద తెల్లగుడ్డ తీసేస్తే పూర్తయింది అనుకునేవాళ్లం.

నేను ఆ జట్టు పిల్లలకి కబురు పెట్టాను. వాళ్లు బయల్దేరేలోగా ఆయన పోయాడు. ఆ వెంటనే కాలేజీ నుంచి మనుషులు దర్జీ అమ్మాయి ఇంటికి వెళ్లారు. మేష్టారి జ్ఞాపకార్థం సభలో పెడతాం, ఆ దీపం ఇమ్మని కాగితం మీద రాసి చూపించారు. ఆయన పేరు చెప్పి అడిగితే ఆమె కాదంటుందా? మిషను మీంచి విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే. ఎవరి వస్తువు, ఎవరు ఎవరికి అంకితం చేస్తున్నారు? సభ అయ్యాక ఇది ముందు హాలులో శాశ్వతంగా ఉంటుందట. తనిఖీకి వచ్చేవాళ్లకి చూపిస్తారట. దీని తీగ కూడా పీకేశారు, పెట్టెలోకి పట్టలేదని.

ఇప్పుడు ఆ పిల్ల పొత్తిళ్లలో లేదు. ఇల్లంతా తిరుగుతోంది. దీపం తెచ్చేసిన తరవాత, తల్లి తల వంచి కుడుతుండగా పిల్ల ఇస్త్రీపెట్టె అందుకుంది. ఎంతసేపు ఏడ్చిందో ఎవరికీ తెలియదు. తల్లి తల తిప్పి చూసేసరికి గొంతు బొంగురుపోయి ఉంది. మూడో వరస వైపు చూడండి. ఆ పిల్ల చేతికి కట్టు ఉంది. పూల వైపు కాదు, అటు చూడండి.

చూశారా?

చూశారు కాబట్టి మాట్లాడటం ముగిస్తాను. ఆయన పేరు మీద ఏటా ఉత్తమ ప్రదర్శన బహుమతి ఇస్తామని ఇందాక ప్రకటించారు. ఆ బహుమతి వద్దు. ఆయన పేరు చెత్తబుట్ట మీద అంటించకండి. చెల్లెమ్మ కూడా వద్దంటోంది, నన్ను చెప్పమంది.

సూపరింటెండెంటు గారూ, గాజుపెట్టె తాళంచెవి మీ జేబులో ఉంది. ఇలా ఇప్పించండి. ఇవ్వకపోతే పెట్టెతో సహా మోసుకుపోతాం, మాకేం బరువు కాదు. ఆ జట్టు పిల్లల్లో ఇద్దరు సెలవు పెట్టుకుని వచ్చి ఆ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ల సంచిలో పనిముట్లున్నాయి, బ్యాటరీ ఉంది. దీపాన్ని ఆ తల్లి ఒళ్లో పెట్టి, తీగ కలుపుతారు. అంతవరకూ కూర్చోండి.

కలిపాక అందరం లేచి నిలబడి ఆయన కోసం మౌనం పాటిద్దాం. చప్పట్లు వద్దు, ఆమెకి వినపడవు, ఆయనకి నచ్చవు. ఒక్క మనవి. మనం మౌనంగా ఉన్నప్పుడు పిల్ల ఏడిస్తే ఎవరూ విసుక్కోకండి. బయటికి తీసుకుపొమ్మనకండి. ఊరుకోబెట్టకండి. దీపం ఆ గొంతుని గుర్తుపడుతోందో లేదో ఆయన చూడమన్నాడు.

ఆ, కలిపారు. లేవండి.